అడవి దారుల గొడవలో మీ మాట లెక్కకు రావాలంటే

అమెరికాలో ఏదైనా నేషనల్ ఫారెస్టులో కొన్ని దారులను వాహనాలకు మూసేస్తారనో, కొత్తగా తెరుస్తారనో వార్త రాగానే, ఆ ప్రతిపాదన మీద ప్రజలు రాసి పంపే అభిప్రాయాల (కామెంట్ల) కోసం తయారు లేఖలు ఊరేగడం మొదలవుతుంది. బండ్లవాళ్ల గుంపులో ఒకటి, నడిచేవాళ్ల గుంపులో ఒకటి. ‘కింద మీ పేరు పెట్టి పంపండి, చాలు’ అని ఉంటుంది. చాలదు. ఒకే లేఖను వేలమంది పంపినా ఈ అడవులను చూసే ఫారెస్ట్ సర్వీస్ దాన్ని ఒక్క లేఖగానే చదువుతుంది, ఎన్ని ప్రతులు వచ్చాయో పక్కన రాసుకుంటుంది. ఇక్కడ జరిగేది ఓట్ల లెక్క కాదు. మీ కాగితం చదివే నీటి నిపుణుడికో, వన్యప్రాణుల నిపుణుడికో తన దగ్గర లేని సమాచారం అందులో ఒక్క ముక్క దొరికితే దాన్ని పక్కకు నెట్టడం కష్టం. ఆ ముక్కను ఎలా తయారు చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పక్షం ముందే చెప్పేస్తాను. నేను కాలినడక మనిషిని. మా ఆయనకు 64 అంగుళాల వెడల్పున్న సైడ్-బై-సైడ్ (పక్కపక్క సీట్లున్న ఆఫ్-రోడ్) బండి ఉంది, దాని మీద ఆయనకున్న ప్రేమ నాకు కొంత అసూయ కలిగించే స్థాయిలో ఉంటుంది. ఒకే ప్రాజెక్టు మీద ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎదురెదురు కామెంట్లు రాసిన దంపతులం మేము. ఆయన వాదన నాకు నచ్చదు కానీ రాసే తీరు మాత్రం బాగుంటుంది, ఎందుకంటే అది నేను నేర్పిందే. కాబట్టి కింద చెప్పేది ఏ పక్షం వాళ్లకైనా పనికొస్తుంది.

మొదట మనవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న. వీసా మీద ఉన్నవాళ్లు రాయవచ్చా? రాయవచ్చు. కామెంట్ పంపడానికి పౌరసత్వం అడగరు, ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలన్న నిబంధన కూడా లేదు. అయితే మీరు రాసిన కామెంటూ, దానితో ఇచ్చిన పేరూ చిరునామా బహిరంగ రికార్డులో భాగమవుతాయి. పేరు లేకుండా కూడా పంపవచ్చు గానీ, అలా పంపితే తర్వాత అభ్యంతరం దాఖలు చేసే హక్కు పోతుంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

నియమం ఏమంటోంది

ఈ తగాదా ఈనాటిది కాదు. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ 11644 నంబరు ఉత్తర్వు జారీ చేశారు. ప్రభుత్వ భూముల్లో ఆఫ్-రోడ్ వాహనాలు ఎక్కడ తిరగవచ్చో, ఎక్కడ తిరగకూడదో గుర్తించాలనీ, గుర్తించేటప్పుడు నష్టం వీలైనంత తగ్గించాలనీ దాని సారం. 1977లో కార్టర్ దాన్ని ఇంకొంచెం బిగించారు. నష్టం కళ్లకు కనిపిస్తే అధికారి వెంటనే ఆ చోటును మూసేయాలన్నారు. కాగితం మీద ఇంత ఉన్నా, దశాబ్దాల పాటు చాలా ఫారెస్టుల్లో ‘మూసి ఉందని బోర్డు లేకపోతే తెరిచి ఉన్నట్టే’ అన్న పద్ధతే నడిచింది. ఈలోగా ఏటీవీలు (నాలుగు చక్రాల ఆఫ్-రోడ్ బండ్లు) చవకయ్యాయి, బలిశాయి. 2003లో ఫారెస్ట్ సర్వీస్ అధిపతి డేల్ బాస్‌వర్త్ అడవులకు నాలుగు పెద్ద ముప్పులున్నాయని ప్రకటించినప్పుడు కార్చిచ్చులు, దండెత్తి వచ్చే పరాయి జాతుల మొక్కలూ జీవులూ, ఖాళీ భూముల తరుగుదలతో పాటు అదుపులేని వినోదాన్నీ చేర్చారు. అందులో ఆయన దృష్టి ప్రధానంగా ఈ బండ్ల మీదే ఉంది.

2005 నవంబరులో ట్రావెల్ మేనేజ్‌మెంట్ రూల్ వచ్చి లెక్క తిరగేసింది. తెరిచినట్టు మ్యాపులో గుర్తిస్తేనే తెరిచినట్టు, లేకపోతే మూసినట్టు. సమాఖ్య నిబంధనావళిలో ఇది 36వ శీర్షిక, 212వ భాగం. మీరు ఒకే ఒక్క సెక్షను చదవగలిగితే 212.55 చదవండి. దారులనూ ప్రాంతాలనూ ఎంపిక చేసేటప్పుడు అధికారి ఏయే నష్టాలను తగ్గించే లక్ష్యంతో ఆలోచించాలో అందులో ఉంది: నేలకూ, నీటి పరీవాహక ప్రాంతాలకూ, చెట్టూచేమలకూ జరిగే హాని, వన్యప్రాణులను బెదరగొట్టడం, వాటి ఆవాసాలు చెదిరిపోవడం, వాహనాలకూ ఇతర వినోదాలకూ మధ్య ఘర్షణ, రకరకాల వాహనాల మధ్యే ఘర్షణ. జనావాసాల దగ్గర చప్పుడు, పొగ వంటివీ చూడాలి. మీ కామెంట్‌లోని ప్రతి వాక్యం వీటిలో ఏదో ఒకదానికి తగులుకోవాలి. తగులుకోకపోతే అది మీ మనోభావం, అంతే.

‘ఆలోచించాం’ అని అధికారి ఒక్క మాట రాసేస్తే సరిపోదా అంటే, సరిపోదు. మోంటానాలోని బీవర్‌హెడ్-డియర్‌లాడ్జ్ ఫారెస్టులో స్నోమొబైళ్ల (మంచు మీద నడిచే బండ్ల) కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2015లో ఇదే తేల్చింది. నష్టం తగ్గించే ప్రమాణాలను పరిగణించామంటే చాలదు, ఏ ప్రాంతానికి ఎలా వర్తింపజేశారో రికార్డులో చూపించాలి. అందుకే ‘ఈ దారికి ఈ ప్రమాణాన్ని ఎలా వర్తింపజేశారో చూపించండి’ అన్న ఒక్క ప్రశ్న పది పేజీల ఆవేదన కన్నా బలమైనది.

మ్యాపు చదవడం

ఎంవీయూఎం, అంటే మోటార్ వెహికిల్ యూజ్ మ్యాప్. ఉచితంగా దొరుకుతుంది. చూడటానికి మహా నీరసంగా ఉంటుంది. నలుపు తెలుపు గీతలు తప్ప కొండల ఎత్తుపల్లాలు కూడా సరిగా కనిపించవు. కానీ చట్టం ముందు నిలబడేది ఇదే. దారి మొదట్లో బోర్డు ఉందా లేదా, ఫోనులో యాప్ ఏ రంగు చూపిస్తోంది, ముందు వెళ్లినవాళ్ల చక్రాల జాడలు ఉన్నాయా అన్నవేవీ లెక్కలోకి రావు. ఉల్లంఘనకు 5,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

గీతల రకాలు జాగ్రత్తగా చూడండి. హైవే మీద నడిచే అర్హత ఉన్న వాహనాలకే తెరిచిన రోడ్డు ఒకటి, అన్ని వాహనాలకూ తెరిచిన రోడ్డు ఒకటి. అన్ని వాహనాల ట్రైల్ (రోడ్డు కాని అడవి బాట) వేరు, 50 అంగుళాలు లేదా అంతకన్నా తక్కువ వెడల్పున్న బండ్ల ట్రైల్ వేరు, మోటార్ సైకిళ్లకు మాత్రమే తెరిచిన ట్రైల్ వేరు. ఈ 50 అంగుళాల గీత పాతకాలపు ఏటీవీలను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. ఈనాటి సైడ్-బై-సైడ్‌లు చాలావరకు అందులో పట్టవు. మా ఆయన కామెంట్లలో సగం ఈ కొలత చుట్టూనే తిరుగుతాయి, అందులో న్యాయం లేదని నేను అనలేను. మ్యాపు పక్కనున్న పట్టికలో దారి నంబరు, ఏ మైలు నుంచి ఏ మైలు దాకా, ఏ తేదీల్లో తెరిచి ఉంటుందో ఉంటాయి. ఆ నంబరే మీకు కావలసింది. ‘ఆ సరస్సు దగ్గరి అందమైన దారి’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు.

గీతల పక్కన చుక్కలుంటే, ఆ దారి నుంచి కొంత దూరం వరకు విడిది కోసం బండి పక్కకు తీసుకెళ్లవచ్చని అర్థం. ఎంత దూరమో అదే మ్యాపులో రాసి ఉంటుంది. మంచు మీది వాహనాలకు మ్యాపు వేరే. ఈ-బైకులను ఫారెస్ట్ సర్వీస్ మోటారు వాహనాలుగానే చూస్తుంది, ‘నాది సైకిలే కదా’ అన్న వాదన పనిచేయదు.

ఇంకో మూడు గందరగోళాలు తీర్చుకున్నాక రాయండి. నేషనల్ పార్కూ నేషనల్ ఫారెస్టూ ఒకటి కావు. పార్కులు అంతర్గత వ్యవహారాల శాఖ కింద, ఫారెస్టులు వ్యవసాయ శాఖ కింద ఉంటాయి. 1964 చట్టం కింద వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన, అంటే సహజ స్థితిలో వదిలేసిన, భూమిలో మోటారు బండే కాదు, మామూలు సైకిల్ కూడా కుదరదు. అక్కడ ఏటీవీ దారి కావాలని అడగడం దండగ. మూడోది, అందరూ పొరబడేది రోడ్‌లెస్ ప్రాంతాల సంగతి. 2001 నాటి రోడ్‌లెస్ నియమం సుమారు 5 కోట్ల 85 లక్షల ఎకరాల్లో కొత్త రోడ్లు వేయడాన్నీ, కలప నరకడాన్నీ పరిమితం చేసింది. అక్కడి మోటారు ట్రైళ్లను అది నిషేధించలేదు. దాన్ని ఎత్తేస్తామని 2025లో వ్యవసాయ శాఖ ప్రకటించినప్పుడు ‘ఇక మా బండ్లకు అడ్డులేదు’ అని సంబరపడినవాళ్లూ, ‘రేపటి నుంచి ఏటీవీలే’ అని వణికినవాళ్లూ ఇద్దరూ వేరే నియమం గురించి మాట్లాడారు. రోడ్డు వస్తే దాని వెంట బండ్లు వస్తాయన్న భయం సహేతుకమే, కానీ కామెంట్‌లో ఆ రెండింటినీ కలిపేస్తే మీకు విషయం తెలియదని చదివేవాళ్లకు మొదటి పేరాలోనే అర్థమైపోతుంది.

ఎప్పుడు రాయాలి

వీలైనంత ముందు. ప్రతి ఫారెస్టూ తాను తలపెట్టిన పనుల జాబితాను మూడు నెలలకోసారి విడుదల చేస్తుంది, దాన్ని సోపా అంటారు. అందులో ‘ట్రావెల్ మేనేజ్‌మెంట్’ అన్న మాట కోసం వెతకండి. మీ రేంజర్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకు (ఫారెస్టులో ఆ భాగాన్ని చూసే స్థానిక ఆఫీసు) ఫోన్ చేసి ఈ అంశం మీద మెయిల్ జాబితాలో పేరు చేర్చమంటే చేరుస్తారు. స్కోపింగ్ అనే తొలి దశలో ప్రతిపాదన ఇంకా మెత్తగా ఉంటుంది, గీత జరపడం తేలిక. పైగా 2025 జులైలో వ్యవసాయ శాఖ తన పర్యావరణ సమీక్ష నియమాలను కుదించింది. ముసాయిదా వచ్చాక తీరిగ్గా రాద్దామని కూర్చోవడం ఇప్పుడు మరింత ప్రమాదం.

గడువు లెక్క విచిత్రంగా ఉంటుంది. చాలా ప్రాజెక్టుల్లో అది ఆ ఫారెస్టు ఎంచుకున్న స్థానిక పత్రికలో లీగల్ నోటీసు అచ్చయిన మర్నాటి నుంచి మొదలవుతుంది. ఈమెయిల్ మీకు ఎప్పుడు చేరిందన్నది లెక్క కాదు. చిన్న సమీక్షలకు సాధారణంగా 30 రోజులు, పెద్దవాటికి 45 రోజులు ఉంటుంది. ప్రతి ప్రాజెక్టు నోటీసులో ఏముందో చదివి అదే పాటించండి.

దారి చూసి రండి

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. కొన్ని వందల మైళ్ల దారుల మీద నిర్ణయం తీసుకునే బృందంలో ప్రతి వంపునూ కళ్లారా చూసినవాళ్లు ఉండరు. మీరు చూసి ఉంటే, ఆ ఒక్క వంపు గురించి మీరే నిపుణులు.

నీళ్ల వెంట నడవండి. దారి వాగును ఎక్కడ దాటుతోంది? అక్కడ వంతెన ఉందా, తూము ఉందా, బండి నేరుగా నీళ్లలోకి దిగుతోందా? నిట్టనిలువుగా కొండ ఎక్కే దారిలో వాన నీరు చక్రాల గాడిలోనే పరుగెత్తుతుంది, గాడి కాలువైపోతుంది, ఆ మట్టి చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ల మధ్యకు చేరుతుంది. వాలుకు అడ్డంగా పోయే దారిలో నీరు పక్కకు జారిపోతుంది, అక్కడ అన్నే బండ్లు తిరిగినా నష్టం తక్కువ. అంటే దారి మంచి చెడ్డలు దాని మీద తిరిగే బండిని బట్టి ఎంతో, దాన్ని వేసిన తీరును బట్టీ అంతే. గాడి లోతు టేపుతో కొలవండి. ఫోటోలో టేపు కనిపించాలి. ఫోనులో స్థానం నమోదయ్యేలా పెట్టుకోండి. తేదీ రాసుకోండి. పచ్చికబయళ్లలో దారి రెండుగా, మూడుగా చీలిందేమో చూడండి. బురదను తప్పించుకోవడానికి ఒక్కొక్కరు ఒక్కో అడుగు పక్కకు జరిగితే అలా అవుతుంది. మ్యాపులో లేని దారులు ఎక్కడ మొదలవుతున్నాయో గుర్తించండి.

వన్యప్రాణుల గురించి రాసేటప్పుడు నా తోటి నడకవాళ్లకు ఒక మాట. ఓరెగాన్‌లోని స్టార్కీ పరిశోధనా అడవిలో ఎల్క్‌ల (పెద్ద జాతి జింకల) మెడకు జాడ తెలిపే పట్టీలు కట్టి, ఏటీవీలు, కొండ సైకిళ్లు, గుర్రాలు, నడిచేవాళ్లు వచ్చినప్పుడు అవి ఏం చేస్తాయో గమనించారు. ఏటీవీలకు అవి అన్నిటికన్నా ఎక్కువ దూరం జరిగాయి, నిజమే. కానీ నడిచేవాళ్ల నుంచి కూడా జరిగాయి. ‘మా వల్ల ఏ హానీ లేదు’ అన్న వాక్యం రాస్తే అవతలి పక్షం ఈ పరిశోధననే మీ ముందు పెడుతుంది.

రాయడం

కామెంట్ ఇంగ్లీషులోనే పంపాలనుకోండి, ఆలోచన మాత్రం తెలుగులో చేసుకోండి, స్పష్టంగా వస్తుంది. ఒక్కో దారికి ఒక్కో పేరా. ప్రతి పేరాలో దారి నంబరు, ఏ మైలు దగ్గర, ఏం చూశారు, ఎప్పుడు చూశారు, ఏ ప్రమాణానికి సంబంధించింది, ఏం చేయమంటున్నారు. నేను రాసే పేరా ఇలా ఉంటుంది (నంబరూ కొలతలూ నమూనా కోసమే):

‘దారి 123, 2వ మైలు. వాగు దాటే చోట వంతెన గానీ తూము గానీ లేదు. జూన్ మొదటి వారంలో చక్రాల గాడి లోతు 9 అంగుళాలు, దాని వెంట బురదనీరు నేరుగా వాగులో కలుస్తోంది. ఫోటో, అక్షాంశ రేఖాంశాలు జతచేశాను. నేలకూ పరీవాహకానికీ హాని తగ్గించాలన్న 212.55 ప్రమాణాన్ని ఈ భాగానికి ఎలా వర్తింపజేశారో వివరించండి. మంచు కరిగి నేల ఆరే వరకు ఈ భాగాన్ని మూసి ఉంచడం, లేదా దారిని ఎగువ గట్టు మీదికి మార్చడం పరిశీలించండి.’

అదే దారి గురించి మా ఆయన:

‘దారి 123ను పూర్తిగా మూసేస్తే 50 అంగుళాల కన్నా వెడల్పైన బండ్లకు తూర్పు, పడమర దారులను కలిపే చుట్టుదారి తెగిపోతుంది. రెండు వైపులా దారి అడవి మధ్యలో ఆగిపోతుంది. అలాంటి చోట్లనే అనధికార అడ్డదారులు పుడతాయి. 4వ మైలు దగ్గర ఇప్పటికే ఒకటి ఉంది, ఫోటో జత. వాగు దగ్గర వంతెన వేసి దారిని ఉంచే ప్రత్యామ్నాయాన్ని విశ్లేషించండి. నిర్వహణకు రిక్రియేషనల్ ట్రైల్స్ ప్రోగ్రామ్ నిధులు అడగవచ్చు.’

చివరి వాక్యం గమనించండి. 1991లో మొదలైన ఆ పథకానికి ఆఫ్-రోడ్ బండ్లు వాడే ఇంధనం మీది పన్నే ఆధారం. అందులో 30 శాతం మోటారు దారులకు, 30 శాతం మోటారు లేని దారులకు, మిగతా 40 శాతం రెండు రకాలవాళ్లూ పంచుకునే వాటికి పోతుంది. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పిన కామెంట్‌ను ‘ఆచరణ సాధ్యం కాదు’ అని కొట్టిపారేయడం కష్టం. ఈ పేరాతో మా ఆయన నన్ను ఓడించారని ఒప్పుకోను గానీ, వంతెన ఆలోచన నాది కాదని మాత్రం చెప్పాలి.

యూటాలోని ఫిష్‌లేక్ నేషనల్ ఫారెస్టు చుట్టుపక్కల పాయూట్ ట్రైల్ ఉంది. ప్రధాన చుట్టుదారే సుమారు 275 మైళ్లు. చుట్టూ ఊళ్లను కలుపుతూ పోతుంది. బండ్లకు అలాంటి పొడవైన, అధికారికమైన దారి చూపించినచోట ‘ఇటు రావద్దు’ అనడానికి నైతిక బలం ఉంటుంది. ప్రత్యామ్నాయం చూపకుండా మూసెయ్యమని రాసే నడకవాళ్ల కామెంట్లు నాకు బద్ధకంగా అనిపిస్తాయి.

రాయకూడనివి: ‘నా పన్నులతో నడిచే అడవి’ (అందరి పన్నులతోనూ నడుస్తుంది). ‘బండ్లవాళ్లంతా తాగుబోతులు’, ‘నడిచేవాళ్లంతా పట్నం ధనవంతులు’. చట్టమే మార్చమని రేంజర్‌ను అడగడం. అది ఆయన చేతిలో లేదు, కాంగ్రెసు సభ్యుడికి రాయండి. వినికిడి కబుర్లు. వృద్ధుల, వికలాంగుల పేరు వాడుకోవడం మరొకటి. మీరే ఆ స్థితిలో ఉంటే తప్పక రాయండి, ఎక్కడిదాకా వెళ్లగలుగుతున్నారో నంబరుతో సహా రాయండి. ఎప్పుడూ అడగని పక్కింటి తాతగారిని సాక్షిగా లాక్కురాకండి.

బహిరంగ సమావేశాలకు వెళ్లండి, కానీ అక్కడి కేకల వల్ల ఏదీ మారదు. మైకు దగ్గర చెప్పింది రికార్డులోకి వెళ్తుందో లేదో అడిగి తెలుసుకోండి, ఎలాగైనా రాతపూర్వకంగా మళ్లీ పంపండి. గోడలకు తగిలించిన పెద్ద మ్యాపుల దగ్గర నిలబడ్డ నిపుణులతో విడిగా మాట్లాడటం మైకు కన్నా మేలు. ఏ సమాచారం కోసం వెతుకుతున్నారో వాళ్లే చెప్పేస్తారు.

పంపాక

ఆన్‌లైన్ ఫారంలో పంపితే వచ్చే రసీదు దాచుకోండి. ఈమెయిల్ అయితే ఆ ఆఫీసు ఉన్న ప్రాంతపు గడియారం ప్రకారం రాత్రి 11:59 లోపు చేరాలి. న్యూజెర్సీలో కూర్చుని దక్షిణ ఐడహో ఫారెస్టుకు రాసేవాళ్లకు రెండు గంటలు కలిసొస్తాయి, కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలి.

నిర్ణయం ముసాయిదా వచ్చాక, అది అభ్యంతరాలకు లోబడిన ప్రాజెక్టయితే 36వ శీర్షిక 218వ భాగం కింద పైఅధికారికి అభ్యంతరం దాఖలు చేయవచ్చు. సాధారణంగా 45 రోజుల గడువు, పొడిగించరు. ముందు దశలో గడువులోపు, నిర్దిష్టంగా కామెంట్ రాసినవాళ్లకే ఆ హక్కు ఉంటుంది. రాసినవాళ్లు కూడా అప్పుడు ఎత్తిన అంశాలే ఎత్తాలి, ఆ గడువు ముగిశాక బయటపడ్డ కొత్త విషయాలకు తప్ప. అందుకే దారికొక పేరా అని మొదట్నించీ నసపెడుతున్నాను. దారి 123 గురించి కామెంట్‌లో లేకపోతే అభ్యంతరంలో దాన్ని తీసుకురాలేరు. అభ్యంతరంలో మీ పాత కామెంట్ నుంచి ఆ వాక్యాన్ని ఎత్తి చూపించి, దానికి ముసాయిదాలో ఏ జవాబు వచ్చిందో, ఎక్కడ తక్కువైందో చెప్పండి, ఏ మార్పు చేస్తే ఉపసంహరించుకుంటారో కూడా రాయండి. పైఅధికారి కొన్నిసార్లు రెండు పక్షాలనూ ఒకే సమావేశానికి పిలుస్తారు. మీరు ప్రతిపాదించిన వంతెననో, కొన్నాళ్ల మూసివేతనో అవతలివాళ్లు కూడా ఒప్పుకునే అవకాశం ఎక్కువగా ఆ గదిలోనే ఉంటుంది. దారి కొలతలూ ఫోటోలూ అచ్చువేసి వెంట తీసుకెళ్లండి, అక్కడ ఫోను సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

నిర్ణయం ఖరారయ్యాక కూడా కొత్త ఎంవీయూఎం అచ్చయ్యే దాకా పాతదే అమల్లో ఉంటుంది. కొత్తది రాగానే ఫోనులోని పాత ప్రతి తీసేసి, మీరు కామెంట్ రాసిన దారుల నంబర్లూ తేదీలూ పట్టికలో సరిగా పడ్డాయో లేదో ఒక్కొక్కటీ సరిచూడండి. తేడా కనిపిస్తే డిస్ట్రిక్ట్ ఆఫీసుకు రాయండి.